‘పర్సెప్షన్’ సిరీస్ రివ్యూ: పాఠం బాగుంది, దర్యాప్తు మామూలే, మాత్రల దగ్గరే చిక్కు

న్యూరోసైన్స్ ప్రొఫెసర్ ఒకాయన అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి హత్య కేసులు తేల్చిపెడుతుంటాడు. ఆయనకే స్కిజోఫ్రీనియా, అంటే లేనివి ఉన్నట్టు వినిపించే, కనిపించే తీవ్రమైన మానసిక జబ్బు. అమెరికాలో టీఎన్‌టీ చానల్ 2012 జులై 9 నుంచి 2015 మార్చి 17 వరకు ప్రసారం చేసిన ‘పర్సెప్షన్’ కథ ఇదే. కెన్నెత్ బిల్లర్, మైక్ సస్మన్ కలిసి తయారుచేశారు. మొదటి సీజన్‌లో 10, రెండో సీజన్‌లో 14, మూడోదాంట్లో 15, మొత్తం 39 ఎపిసోడ్లు. యాడ్స్ తీసేస్తే ఒక్కోటి ముప్పావుగంట లోపే. అంటే అంతా చూడటానికి సుమారు 27 గంటలు పడుతుంది, మొదటి సీజన్ వరకైతే ఏడు గంటలు చాలు.

హంతకుడు ఎవరన్న ఉత్కంఠ కోసమే చూసేవాళ్లకు ఇది పదిలో ఆరు మార్కుల సిరీస్. మెదడు ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతింటే మనిషిలో ఏం మారుతుంది అన్న కుతూహలం ఉన్నవాళ్లకు ఎనిమిది. ఇంట్లో మానసిక వ్యాధితో బాధపడుతున్నవాళ్లు ఉంటే మాత్రం ఒక విషయం ముందే తెలుసుకుని కూర్చోవాలి. ఆ సంగతి కిందికి వెళ్లాక వివరంగా చెప్పాలి.

డాక్టర్ డేనియల్ పియర్స్ పాత్రలో ఎరిక్ మెక్‌కార్మాక్ నటించాడు. అప్పటికి కామెడీ సిరీస్‌తోనే పేరు తెచ్చుకున్న నటుడు. ఇక్కడ గొంతు తగ్గించి, చేతులు ఎక్కువగా ఆడించి, ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూడకుండా మాట్లాడే మనిషిగా పూర్తిగా మారిపోయాడు. చికాగోలోని ఒక కల్పిత యూనివర్సిటీలో పియర్స్ పాఠాలు చెబుతాడు. పాత క్యాసెట్ వాక్‌మన్‌లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పెట్టుకుని, ఎదురుగా ఆర్కెస్ట్రా ఉన్నట్టు చేతులు ఊపుతూ వింటాడు. మనసు అదుపు తప్పుతోందనిపిస్తే పదకేళీ ముందేసుకుంటాడు. ఆయన పాత విద్యార్థిని, ఇప్పుడు ఎఫ్‌బీఐ ఏజెంట్ అయిన కేట్ మొరెటీగా రేచల్ లీ కుక్ చేసింది. డీన్ పాత్రలో లెవార్ బర్టన్ కనిపిస్తాడు.

సిరీస్‌లో అన్నిటికన్నా బాగా కుదిరింది క్లాస్‌రూమ్. దాదాపు ప్రతి ఎపిసోడూ పాఠంతో మొదలవుతుంది, పాఠంతోనే ముగుస్తుంది. మొదటి పాఠంలో పియర్స్ ఒక ప్రశ్న వేస్తాడు: మన జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, నైతికత మెదడులో ఎక్కడుంటుంది, చూడటం అంటే నిజంగా ఏమిటి... ఇలాంటివి. కేసుకు తాళంచెవి ఆ ప్రశ్నలోనే ఉంటుంది. అందుకే మొదటి మూడు నిమిషాలు ఫోన్ చూసుకుంటూ వదిలేస్తే మిగతా ఎపిసోడ్ సగం రుచే. జబ్బుల పేర్లు, మెదడు భాగాల పేర్లు చాలా వేగంగా దొర్లిపోతాయి కాబట్టి ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది. న్యూరోసైంటిస్ట్ డేవిడ్ ఈగిల్‌మన్ ఈ సిరీస్‌కు శాస్త్ర సలహాదారుగా పనిచేశాడు. ఆ శ్రద్ధ పాఠాల్లో తెలుస్తుంది. సిరీస్ చెప్పే వింత జబ్బులు చాలావరకు వైద్యశాస్త్రంలో నమోదైనవే. తేడా అంతా వాటిని కేసుకు అతికించడంలో వస్తుంది.

పైలట్, అంటే మొట్టమొదటి ఎపిసోడ్‌నే తీసుకుందాం. ఒక మందుల కంపెనీ అధికారి హత్యకు గురవుతాడు. అనుమానితుల మాటల్లో అబద్ధాన్ని పట్టుకోవడానికి పియర్స్ అఫేసియా రోగుల సాయం తీసుకుంటాడు. అఫేసియా అంటే ఎక్కువగా పక్షవాతం వచ్చాక భాష దెబ్బతినడం. చాలామందిలో భాషా కేంద్రాలు మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. అక్కడ కణతల వైపు భాగం దెబ్బతింటే ఎదుటివాళ్ల మాటలు చెవిన పడతాయి కానీ అర్థం తలకెక్కదు. అయితే గొంతులో ఎత్తుపల్లాలు, ముఖంలో మారే కవళికలు పోల్చుకునే పని కుడి భాగం చాలావరకు చూసుకుంటుంది. మాటల అర్థం అడ్డురాదు కాబట్టి వాళ్ల దృష్టంతా ముఖం మీదే నిలుస్తుంది. మాట ఒకటి, ముఖం ఒకటి చెబుతుంటే మిగతావాళ్లకంటే మెరుగ్గా పసిగడతారు.

ఇది రచయితల ఊహ కాదు. 2000 సంవత్సరంలో ‘నేచర్’ పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. ఎడమ మెదడు దెబ్బతిన్న 10 మంది అఫేసియా రోగులకు వీడియోలు చూపించి, ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇందులో బొమ్మా బొరుసా వేసినట్టే, సగం సగం చెప్పారు. అఫేసియా ఉన్నవాళ్లు వాళ్లకంటే మెరుగ్గా చెప్పారు, ముఖ్యంగా గుట్టు ముఖంలో బయటపడిన చోట. సిరీస్ చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ వీడియోల్లో మనుషులు దాచింది భావాన్ని, నేరాన్ని కాదు. లోపల కలవరంగా ఉన్నా పైకి హాయిగా ఉన్నామని చెబుతున్నారు. పోలీసుల ముందు కూర్చున్న అమాయకుడికీ కలవరం ఉంటుంది, అది ముఖంలో కనిపిస్తుంది కూడా. కాబట్టి ఆ 10 మంది చూపిన నేర్పును ఇంటరాగేషన్ గదిలోకి తెచ్చి వాడితే, భయపడ్డ నిరపరాధి కూడా దొరికిపోతాడు. ఎపిసోడ్‌గా మాత్రం ఆ సన్నివేశం ఎంతో బాగుంటుంది. పేషెంట్లను తమాషాగా కాకుండా, మనకు లేని చూపు ఉన్నవాళ్లుగా నిలబెట్టారు.

‘మెసెంజర్’ అనే ఎపిసోడ్‌లో దేవుడి మాటలు తనకు వినిపిస్తున్నాయనే యువకుడు వస్తాడు. అక్కడ పియర్స్‌కు, దైవవాణి వినిపిస్తోందంటూ యుద్ధానికి దిగిన ఒకప్పటి ఫ్రెంచ్ యువతి జోన్ ఆఫ్ ఆర్క్ కళ్లముందు ప్రత్యక్షమై వాదనకు దిగుతుంది. దైవదర్శనాలకు, టెంపొరల్ లోబ్‌లో (మెదడులో కణతల వైపు భాగం) వచ్చే మూర్ఛకు సంబంధం ఉందా అన్నది న్యూరాలజిస్టులు ఎన్నో ఏళ్లుగా చర్చిస్తున్న ప్రశ్నే. జోన్ విషయంలో కూడా ఆ ఊహ చేసినవాళ్లున్నారు. విశ్వాసాన్ని వెక్కిరించకుండా ఆ ప్రశ్నను ఎలా అడగాలో ఈ ఎపిసోడ్‌లో చక్కగా చూపించారు. మొదటి సీజన్‌లో తప్పకుండా చూడాల్సిన ఎపిసోడ్ ఇది.

ఇలాంటి కథల్లో రోగనిర్ధారణకు ఒకటి రెండు సీన్లు చాలు. నిజంగా అయితే ఒక మనిషికి టెంపొరల్ లోబ్ మూర్ఛ ఉందని తేల్చడానికి ఎంత పని ఉందో చూడండి. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే మామూలు ఈఈజీ పరీక్ష ఒక్కసారి తీస్తే, మూర్ఛ ఉన్నవాళ్లలో కూడా దాదాపు సగం మందికే తేడా కనిపిస్తుంది. రిపోర్ట్ నార్మల్ అని వస్తే జబ్బు లేదని కాదు. రాత్రంతా నిద్ర లేకుండా ఉంచి మళ్లీ తీస్తారు. అయినా తేలకపోతే కొన్ని రోజులు ఆసుపత్రిలో పెట్టి, తలకు వైర్లు అంటించి, పక్కనే కెమెరా పెట్టి వీడియో ఈఈజీ చేస్తారు. మూర్ఛ కోసం ప్రత్యేకంగా సన్నటి పొరలుగా తీసే ఎంఆర్‌ఐ వేరే ఉంటుంది. హంతకుడు ఊరు దాటేలోపు అయ్యే పని కాదిది.

ఫంక్షనల్ ఎంఆర్‌ఐ సంగతి ఇంకా తేడా. టీవీలో మెదడులో ఒకచోట రంగు వెలిగితే ‘అదిగో అబద్ధం’ అనేస్తారు. ఆ యంత్రం ఆలోచనను కొలవదు. రక్తప్రసరణలో వచ్చే మార్పును కొలుస్తుంది, అదీ అయిదారు సెకన్లు ఆలస్యంగా. ఒకే ప్రశ్నను రకరకాలుగా పదేపదే అడిగి, సగటు కట్టి, ఒక స్థితిలోంచి ఇంకో స్థితిని తీసివేస్తే మిగిలేదే ఆ రంగు మచ్చ. పడుకున్న మనిషి తల కొన్ని మిల్లీమీటర్లు కదిలితే ఆ స్కాన్ పాడైనట్టే. అబద్ధం చెప్పదలచినవాడు కాలి వేళ్లు మెల్లగా బిగించినా, మనసులో లెక్కలు వేసుకున్నా ఫలితం తారుమారవుతుంది. ఈ సిరీస్ మొదలైన 2012లోనే అమెరికాలో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇలాంటి స్కాన్‌ను సాక్ష్యంగా తీసుకోకపోవడం సరైనదేనని తేల్చిచెప్పింది.

మన దగ్గర ‘బ్రెయిన్ మ్యాపింగ్’, ‘నార్కో టెస్ట్’ అన్న మాటలు పేపర్లో చదవనివాళ్లు ఉండరు. 2008లో పుణేలో ఒక హత్య కేసులో మెదడు తరంగాల పరీక్షను కోర్టు లెక్కలోకి తీసుకోవడం ప్రపంచమంతా చర్చనీయాంశమైంది. తర్వాత 2010 మే 5న సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక తీర్పులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. దాని ఆధారంగా వెతికితే దొరికిన వస్తువో, సమాచారమో అయితే చెల్లుతుంది. తెలుగులో ఇలాంటి వెబ్ సిరీస్ రాయాలనుకునేవాళ్లకు ఇక్కడ మంచి కథ ఉంది. స్కాన్ నిజం చెప్పింది, కోర్టు మాత్రం దాన్ని వినదు, మరి ఆ నిజం చెప్పే వస్తువు ఎక్కడ దొరుకుతుంది? అలాగే మతిస్థిమితం లేదన్న వాదనకు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ వర్తిస్తుంది, పాత ఐపీసీలో అది 84. డాక్టర్ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో నేరం జరిగిన ఆ సమయంలో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే చట్టం అడుగుతుంది. రెండో సీజన్‌లో కేట్ విడిగా ఉంటున్న భర్త, ఫెడరల్ ప్రాసిక్యూటర్ డానీ రయన్ పాత్రను స్కాట్ వుల్ఫ్ చేశాడు. అతను వచ్చాక సిరీస్ ఈ కోర్టు ప్రశ్నల వైపు కాస్త అడుగు వేస్తుంది. అదే దారిలో ఇంకా లోతుకు వెళ్లి ఉంటే ఎంతో బాగుండేది.

దర్యాప్తు భాగంలో పెద్ద లోటు రెండుచోట్ల ఉంది. మామూలు హత్య అమెరికాలో రాష్ట్ర నేరం. చికాగోలో శవం దొరికితే వచ్చేది చికాగో పోలీస్ డిటెక్టివ్‌లు. ఎఫ్‌బీఐ రావాలంటే ఫెడరల్ చట్టం కిందికొచ్చే కారణం ఏదైనా ఉండాలి. ఎపిసోడ్ల కొద్దీ ఆ కారణం బలహీనంగానే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. తమ సాక్షి విశ్వసనీయతను దెబ్బతీసే సమాచారం ఉంటే ప్రాసిక్యూషన్ దాన్ని డిఫెన్స్‌కు ఇచ్చి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. మందులు మానేసిన, లేని మనుషులతో మాట్లాడే సలహాదారు పట్టించిన కేసులన్నీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి పావుగంటలోనే వణుకుతాయి. ఇంత బలమైన నాటకీయ ముడి చేతిలో పెట్టుకుని, దాన్ని సిరీస్ అంతటికీ వెన్నెముకగా వాడుకోకపోవడం చూస్తే బాధేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పియర్స్‌కు లేని మనుషులు కనిపిస్తారు. వాళ్లు నిలువెత్తున ఎదురుగా నిలబడి గంటలకొద్దీ మాట్లాడతారు, వాదిస్తారు, కేసుకు ఆధారం అందిస్తారు. ఆయన గమనించి మరిచిపోయిన చిన్న వివరమే ఆ రూపంలో తిరిగొస్తుందని సిరీస్ చెప్పే లాజిక్. కెల్లీ రోవన్ చేసిన నాటలీ పాత్ర గురించి ఇంతకు మించి చెబితే చూసే ఆనందం పోతుంది. ఆ పాత్రను నడిపిన తీరు, మొదటి సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు ‘షాడో’, ‘లైట్’ ఈ మొత్తం ప్రయాణంలో శిఖరం లాంటివి.

నిజ జీవితంలో స్కిజోఫ్రీనియా ఇలా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మూడు వందల పైచిలుకు మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. మగవాళ్లలో ఎక్కువగా పద్దెనిమిదీ ఇరవై అయిదేళ్ల మధ్య బయటపడుతుంది. కళ్లకు కనిపించడం కంటే చెవుల్లో వినిపించడమే చాలా ఎక్కువ. ఆ గొంతులు ఆధారాలు ఇవ్వవు, తిడతాయి, బెదిరిస్తాయి, చేస్తున్న ప్రతి పని మీదా వ్యాఖ్యానం చేస్తాయి. ఇంట్లోవాళ్లను ఎక్కువగా కుంగదీసేది మాత్రం టీవీలో కనిపించని భాగం. స్నానం మానేయడం, మంచం దిగకపోవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం, స్నేహితులు ఒక్కొక్కరే దూరమవడం... బద్ధకం అని తిట్టేది ఈ లక్షణాలనే. పియర్స్‌కు అవి దాదాపు లేవు. ఆయన జబ్బులో మెరుపు ఉంది, మసక లేదు.

మాత్రలు వేసుకుంటే బుర్ర మొద్దుబారుతుందని పియర్స్ మందులకు దూరంగా ఉంటాడు. మొదటి సీజన్‌లో కథ కూడా ఆయన పక్షమే తీసుకుంటుంది. మందు లేకపోతే చిక్కుముడులు విడతాయి, ఉంటే విడవు అన్నట్టు నడుస్తుంది. దుష్ప్రభావాల సంగతి అబద్ధం కాదు. మగతగా ఉంటుంది, ఒళ్లు పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది. కానీ మానేస్తే ఏమవుతుందన్నదీ తెలిసిన విషయమే. మొదటిసారి జబ్బు పడి కోలుకున్నవాళ్లను అయిదేళ్లు గమనించిన 1999 నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, మందు ఆపేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు అయిదు రెట్లు ఎక్కువని తేలింది. పైగా ఆపిన మర్నాడే తిరగబెట్టదు. వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే ఉంటారు. దాంతో మందు అవసరం లేదనే నమ్మకం గట్టిపడుతుంది, తర్వాత ఒక్కసారిగా పరిస్థితి చేయి దాటుతుంది. ఒక మందు పడకపోతే డాక్టర్ ఇంకోటి మారుస్తారు, డోసు తగ్గిస్తారు. రోజూ మింగడం కష్టమైనవాళ్లకు రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. మిగతావి పనిచేయనప్పుడు వాడే క్లోజాపిన్‌కైతే మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి. రోగికి వద్దనే మాట చెప్పే హక్కు ఉంది, కానీ వద్దు అనేముందు ఇన్ని దారులున్నాయని తెలియాలి కదా. సిరీస్ ఆ దారులు చూపించదు.

స్కిజోఫ్రీనియా ఉన్న ప్రొఫెసర్ అన్నది మాత్రం అసాధ్యమైన ఊహ కాదు. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో న్యాయశాస్త్రం బోధించే ఎలిన్ శాక్స్ తన జబ్బు గురించి బహిరంగంగా రాశారు, 2009లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. ఆమె కూడా ఏళ్ల తరబడి మందులతో పోరాడినవారే. మందులు కావాలని ఒప్పుకున్నాకే తన జీవితం నిలబడిందని చెబుతారు. పియర్స్ కథను రాసినవాళ్లు ఆ వైపు నుంచి ఆలోచించి ఉంటే రెండో సీజన్ ఇంకా లోతుగా వచ్చేది. చూస్తూ చూస్తూ ఇంట్లో ఎవరి గురించైనా గుబులు పుడితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు.

ఈ జబ్బు విషయంలో సిరీస్ నిజంగా గొప్పగా చేసిన పని ఒకటుంది, అది మాక్స్ లెవికీ పాత్ర. ఆర్జే స్మిత్ చేశాడు. పేరుకు టీచింగ్ అసిస్టెంట్, ఉండేది పియర్స్ ఇంట్లోనే. పొద్దున లేవడం, తినడం, క్లాసుకు వెళ్లడం అన్నీ ఒక వేళ ప్రకారం జరిగేలా చూస్తాడు. ఎదురుగా ఉన్న మనిషి నిజంగా ఉన్నాడా లేడా అని పియర్స్‌కు అనుమానం వస్తే తేల్చేది అతనే. ఆ పని చేసేటప్పుడు జాలి చూపించడు, విసుక్కోడు. ఉన్నాడు, లేడు అని మామూలుగా చెప్పేసి పనిలో పడతాడు. వాదించి లాభం లేదని, లేనిదాన్ని ఉందని ఒప్పుకోకూడదని, రెండిటి మధ్యా ప్రశాంతంగా నిలబడాలని మానసిక వైద్యులు కుటుంబాలకు చెప్పే సలహా ఇదే. దినచర్య చెదిరిన రోజు పియర్స్ ఎలా చెదిరిపోతాడో గమనించండి. నిద్ర తగ్గితే లక్షణాలు పెరగడం నిజం, సిరీస్ దాన్ని సరిగ్గా పట్టుకుంది. మాక్స్ అలసిపోయే సందర్భాలు ఇంకొన్ని ఉండాల్సింది. చూసుకునేవాళ్ల అలసట కూడా ఈ జబ్బు కథలో భాగమే.

రేచల్ లీ కుక్‌కు మొదటి సీజన్‌లో చేయడానికి ఎక్కువ ఉండదు, పియర్స్ చెప్పింది నమ్మి పరుగెత్తడం తప్ప. డానీ వచ్చాక ఆమె పాత్రకు ప్రాణం వస్తుంది. మూడో సీజన్‌లో కేసులు పలుచబడతాయి. జబ్బు పేరు మారుతుంది, అల్లిక మారదు. ఒకేసారి వరుసపెట్టి చూస్తే ఆ మూస కళ్లకు కట్టినట్టు కనిపించి విసుగొస్తుంది. మొదటి సీజన్ క్రమం తప్పకుండా, మధ్యలో ఏదీ వదలకుండా చూడండి, ‘షాడో’ ‘లైట్’ రెండూ ఒకే రాత్రి పెట్టుకోండి. రెండో సీజన్ వారానికి రెండు మూడు చొప్పున బాగుంటుంది. మూడో సీజన్‌లో ఒక్కో ఎపిసోడ్ మొదట్లో వచ్చే పాఠం వినండి. ఆ ప్రశ్న మీ ఆసక్తిని పట్టుకుంటే కొనసాగించండి, లేకపోతే ఆ ఎపిసోడ్ దాటేసినా కేట్, డానీ కథలో పెద్దగా పోయేదేమీ ఉండదు.